అమ్మకు రావలసిన సూది

శ్రీకాళహస్తిలో పరుపులు కుట్టే కాశిం సాహెబ్ కొడుకు తౌసిఫ్. ఎదురుగాలిలో సైకిలు తొక్కడం అతనికి ఏ కోచ్ దగ్గరా రాలేదు, దిండ్లు మోయడంతో వచ్చింది. ఇంటర్ చదివే రోజుల్లో క్యారియర్ మీద బూరుగు దూది దిండ్లను తలకన్నా ఎత్తుగా కట్టుకుని ఏర్పేడు దాకా, ఒక్కోసారి రేణిగుంట దాకా వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. దిండ్లకు బరువేముంటుంది? కానీ ఎండాకాలపు గాలి ఎదురు తిరిగిందంటే ఆ మోపు మనిషిని పట్టుకుని వెనక్కి ఈడ్చేది. తౌసిఫ్ తల దించి, మోచేతులు డొక్కలకు ఆనించి, గాలి ఎక్కడ పలచబడుతుందో చెవులతో వింటూ తొక్కేవాడు.

డిగ్రీలో చేరాక కాలేజీల మధ్య జరిగిన సైకిలు పందెంలో మునిప్రసాద్ కంట్లో పడ్డాడు. మునిప్రసాద్ ఒకప్పుడు తనూ తొక్కినవాడే. అప్పటికి తిరుపతిలో ఒక గ్రానైటు వ్యాపారి ఖర్చు పెట్టి నడిపిస్తున్న జట్టుకు కోచ్. కరకంబాడి రోడ్డులో జట్టుకు ఒక అద్దె ఇల్లు, తిండి, జీతం, ఇటలీ నుంచి వచ్చిన సైకిళ్ళు. ఆ సైకిలును మొదటిసారి ఒంటిచేత్తో ఎత్తి చూసి తౌసిఫ్ నవ్వాడు. అది వాళ్ళ నాన్న కుట్టే పెద్ద పరుపులో సగం బరువు కూడా లేదు.

రోడ్డు రేసులో ముందున్నవాడే మొనగాడనుకుంటారు తెలియనివాళ్ళు. ముందున్నవాడు గాలిని కోసి దారి ఇస్తాడు. వాడి వెనక చక్రాన్ని అంటుకుని వచ్చేవాడికి కష్టం బాగా తగ్గుతుంది. కాబట్టి జట్టులో ఒక్కడు గెలవాలంటే మిగతావాళ్ళు వంతులవారీగా గాలిలో మాడిపోవాలి. ఆ మాడిపోయే పని తౌసిఫ్‌ది. గెలిచే పని ధనంజయది.

ధనంజయది పులికాట్ సరస్సు ఒడ్డున, తడకు దగ్గర్లోని ఒక చేపల పల్లె. మనిషి ఎండురొయ్యలా సన్నం. కొండ ఎక్కుతుంటే మాత్రం వాడి కాళ్ళలో ఎవరో మోటారు దాచిపెట్టారా అనిపించేది. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మధ్యగా వెళ్ళే రోడ్డు మీద వాళ్ళిద్దరూ తొక్కని వారం లేదు. రెండు వైపులా నీళ్ళు, అడ్డంగా కొట్టే గాలి, దూరంగా బురదలో గులాబీరంగు కొంగలు. తౌసిఫ్ గాలి వైపు ఉండేవాడు, ధనంజయ అతని చాటున. తిరుగుదారిలో ధనంజయ వాళ్ళమ్మ ఎర్రటి రొయ్యల పులుసుతో అన్నం పెట్టేది. "నా కొడుక్కి గాలి తగలకుండా సూసుకుంటాండావంట గదా అబ్బయ్యా, ఇంకొంచెం పెట్టుకో" అని తౌసిఫ్ కంచంలోనే ఎక్కువ వేసేది.

సూదులు ఎప్పుడు మొదలయ్యాయంటే తౌసిఫ్ సరిగా చెప్పలేడు. మొదట విటమిన్లన్నారు. తర్వాత ఐరన్ అన్నారు. ఆ తర్వాత వచ్చిన చిన్న సీసాలకు మునిప్రసాద్ పేరే చెప్పలేదు, "బూస్టర్" అన్నాడంతే. వంటింట్లో ఫ్రిజ్‌లో పెరుగు పాకెట్లకూ దోసెపిండి గిన్నెకూ మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బాలో అవి ఉండేవి. ఉల్లిపాయలు తరిగే బల్ల దగ్గరే ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి, చొక్కా పైకెత్తమని, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి గుచ్చేవాడు. స్పిరిట్ వాసన, పొయ్యి మీద ఉడికే మాంసం వాసన ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి.

"ఇది తప్పు గదా సార్?" అని మొదటిసారి తౌసిఫ్ అడిగాడు.

"తప్పేందప్పా? మన ఒంట్లో ఉండేదే ఇది. కొంచెం ఎక్కువ పోస్తాండాము, అంతే. రక్తం పెరుగుతాది, దమ్ము పెరుగుతాది. ముందర తొక్కేవోళ్ళంతా వేసుకుంటాండారు. నువ్వొక్కడివి వేసుకోకుంటే వాళ్ళ ఎనకాల దుమ్ము తింటా పోవల్ల."

అందరూ వేసుకుంటున్నారన్న మాట అబద్ధం కాదని తౌసిఫ్ తర్వాత కళ్ళారా చూశాడు. ఉత్తరాదిన ఒక పెద్ద రేసుకు వెళ్ళినప్పుడు మైదానం పక్కనున్న మరుగుదొడ్లలో కాలు పెట్టే చోటు లేదు. నేల నిండా సిరంజీలు, విరిగిన గాజు మూతలు, రక్తపు చుక్కలున్న దూది ఉండలు. ఒంట్లో మందు పట్టే పరీక్షల వాళ్ళు వచ్చారన్న వార్త పాకేసరికి, వీపున నంబర్లు అతికించుకున్న ఆటగాళ్ళు ప్రహరీ దూకి చెరకుతోటలోకి పరిగెత్తారు. తొడలు పట్టుకుని కుంటినట్టు నటించినవాళ్ళు కొందరు. టైర్లలో గాలి తామే తీసేసుకున్నవాళ్ళు కొందరు. ఆ రోజు మునిప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు, జట్టంతా నవ్వింది, తౌసిఫూ నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఈలోగా ఇంట్లో తల్లి జహీరున్నీసాకు షుగరు ముదిరి మూత్రపిండాలు చెడిపోయాయి. తిరుపతిలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే డయాలసిస్ కేంద్రంలో ఉచితంగా రక్తం శుద్ధి చేస్తారు. కాశిం సాహెబ్ ఆమెను కాళహస్తిలో బస్సు ఎక్కిస్తే, తౌసిఫ్ తిరుపతి బస్టాండులో దించుకుని అక్కడికి తీసుకెళ్ళేవాడు. మిషను తిరిగే నాలుగు గంటలూ ఆమె పక్క మంచం మీది దేవకమ్మతో కబుర్లు చెప్పుకునేది. దేవకమ్మ పుత్తూరు బస్టాండులో పూలు అమ్ముకునే మనిషి. వెనకాముందూ ఎవరూ లేరు. ఒక చేతికి గొట్టాలు తగిలించి ఉన్నా రెండో చేతి వేళ్ళు దుప్పటి అంచును పూలు అల్లినట్టే మడతపెడుతూ ఉండేవి.

ఆ జబ్బుతో ఒంట్లో రక్తం తానుగా ఊరదు. అందుకని డయాలసిస్ తర్వాత ఒక సూది వేస్తారు. ఆ సంవత్సరం ఎండాకాలం నుంచి ఆ సూదులు సరిగా రావడం మానేశాయి. వారానికి వేయాల్సింది నెలకు కూడా దక్కేది కాదు. జహీరున్నీసా పెదవులు మైదాపిండిలా తెల్లబడ్డాయి. నర్సు లోహిత ఒకరోజు తౌసిఫ్‌ను పక్కకు పిలిచింది.

"స్టోర్స్‌లో అడిగితే రాలేదంటాండారన్నా. అమ్మకు మరీ తక్కువైంది. బయట దొరుకుతుందేమో సూడు" అని ఒక చీటీ మీద మందు పేరు రాసిచ్చింది.

మందుల అంగడి ముందు నిలబడి చీటీ విప్పి చదివాక తౌసిఫ్ లోపలికి వెళ్ళలేదు. ఆ పేరు అతనికి తెలుసు. రోజూ పెరుగు పాకెట్ తీసేటప్పుడు చేతికి తగిలే డబ్బాలో, సీసాల మీద ఉన్న పేరు అదే. ముందు అతనికి కలిగింది సంతోషమే. ఇంట్లోనే ఉంది కదా! ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా ఒక సీసా తీసి దాచి, మరుసటి డయాలసిస్ రోజు ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి తీసుకెళ్ళాడు.

లోహిత సీసాను కిటికీ వెలుతురుకు పట్టుకుని తిప్పింది. ముఖం మారిపోయింది.

"ఇది యాడ దొరికిందన్నా నీకు?"

"తెలిసినోళ్ళు ఇచ్చినారు."

"ఏ తెలిసినోళ్ళు? ఇది మా సరుకు. ఇదిగో, ఈ ఊదారంగు ముద్ర సూడు. అమ్మకూడదని ట్రస్టు వాళ్ళు కొట్టే ముద్ర. మాకు రావాల్సింది నీ చేతికెట్లా వచ్చింది?"

 ఆ ముద్రను అతను ఎన్నోసార్లు చూశాడు. కంపెనీ గుర్తేమో అనుకున్నాడు. ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళముందుకు వచ్చింది. ఆదివారాల్లో జట్టు ఇంటికి భోజనానికి వచ్చే భానుచందర్. మునిప్రసాద్ పాత స్నేహితుడు, ఏదో స్టోర్స్‌లో పని అని చెప్పేవారు. వచ్చినప్పుడల్లా చేతిలో ఒక స్టీలు ఫ్లాస్కు. ఆ భానుచందర్‌నే తౌసిఫ్ పోయిన నెల ఈ కేంద్రం మెట్ల మీద చూసి, ఎవరినో పలకరించడానికి వచ్చాడనుకుని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

పక్క మంచం మీద నుంచి దేవకమ్మ ఇదంతా వింటూనే ఉంది. ఆమెకు అర్థమైంది ఒక్కటే.

"నాయనా, నీకు తెలిసినోళ్ళు ఉండారు గదా. నాకూ ఒకటి తెచ్చిపెట్టు. నాలుగు మెట్లెక్కితే కండ్లు తిరుగుతాండాయి. పూలబుట్ట ఎత్తుకోలేకుండా ఉండాను."

జహీరున్నీసా కొడుకు ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లోహితతో, "ముందు ఆమెకెయ్యి తల్లీ. ఆమెకు నాకంటే తక్కువుండాది. నా సంగతి మావోడు సూసుకుంటాడులే" అంది. లోహిత ఇద్దరి కాగితాలూ చూసి, డాక్టరుకు ఫోను చేసి, ఆ సీసాలోని మందు దేవకమ్మకే వేసింది.

ఇంటికి తీసుకెళ్తుంటే బస్సు ఏర్పేడు దాటింది. దాటాక తల్లి అడిగింది.

"నీకూ ఏసినారా బేటా, అది?"

"ఏసినారమ్మీ."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేండ్లకు పైనే."

ఆమె కొడుకు చెయ్యి మీద వేసిన తన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దేవకమ్మకు సెప్పాల నువ్వు. నేను సెప్పను. నువ్వే సెప్పాల" అని కిటికీ వైపు తిరిగింది.

తౌసిఫ్ జట్టు ఇంటికి తిరిగి వచ్చేసరికి మునిప్రసాద్ వంటింట్లో పెరుగన్నం తింటున్నాడు. విషయం విని కూడా కలపడం ఆపలేదు.

"అయితే ఏందంటావు? నువ్వు పోయి వాళ్ళ చేతిలోంచి లాక్కున్నావా? లేదు గదా."

"వాళ్ళు రక్తం లేక మంచాన పడుండారు సార్."

"మంచం మీదోళ్ళు మంచం మీదే ఉంటారప్పా. వాళ్ళకు రక్తం పెరిగి యాడికి పోవల్ల? నీకు పెరిగితే జట్టుకు పేరొస్తాది, ఊరికి పేరొస్తాది." ఊరగాయ ముక్క చప్పరించి, కొంచెం మెత్తబడిన గొంతుతో అన్నాడు. "మీ అమ్మకు కావాలంటే నన్నడిగుండొచ్చు గదా తౌసిఫూ. నేనేమన్నా పరాయోడినా? వారానికొకటి పక్కన పెట్టేవాణ్ణి."

ఆ దయను తౌసిఫ్ భరించలేకపోయాడు. సింకు దగ్గరికి పరిగెత్తి, తిన్నదంతా కక్కుకున్నాడు. వెనక నుంచి మునిప్రసాద్ గొంతు, "నీళ్ళు బాగా తాగు, ఒళ్ళు ఎండిపోతాది. ఆదివారం రేసుండాది" అంటోంది.

ధనంజయ మిద్దె మీద కిరసనాయిలు గుడ్డతో గొలుసు తుడుస్తున్నాడు. తౌసిఫ్ చెప్పడం పూర్తి కాకముందే, తల ఎత్తకుండా, "తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"భానుచందర్ తాగినప్పుడు నోరు జారినాడు. నీకు సెప్తే మీ అమ్మ గుర్తొచ్చి నువ్వు మానేస్తావని సెప్పలా. నువ్వు మానేస్తే నా ముందర గాలి కోసేదెవురు?" గొలుసు మీది నూనె వేళ్ళకు పూసుకుని అలాగే చూస్తూ అన్నాడు. "నేను మళ్ళీ పడవెక్కలేనబ్బా. మా నాయన చేతులు సూసినావు గదా, ఉప్పుకు పగిలి ఎట్లుండాయో."

ఇన్నాళ్ళూ తను ఎవరికోసం గాలికి రొమ్ము అడ్డం పెట్టాడో ఆ మనిషి ఇతనేనా అని తౌసిఫ్ వాడినే చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళమ్మ పెట్టిన పులుసన్నం కూడా తిరిగి గొంతులోకి వచ్చినట్టయింది.

ఫ్రిజ్‌లోని డబ్బా మొత్తం ఎత్తుకెళ్ళి లోహితకు ఇచ్చేద్దామనుకున్నాడు. కిందికి దిగి తలుపు తీస్తే డబ్బా లేదు. పెరుగు పాకెట్లే ఉన్నాయి.

ఆదివారం రేసు భాకరాపేట ఘాటు మీద ముగుస్తుంది. అన్నీ తెలిసి కూడా ఆ రేసు ఎందుకు తొక్కావని తర్వాత చాలామంది అతన్ని అడిగారు. పరీక్షల వాళ్ళు ఈసారి చెప్పకుండా వస్తారన్న పుకారు విన్నాడు. మునిప్రసాద్ ఆ పుకారును కొట్టిపారేశాడు. తౌసిఫ్‌కు మాత్రం తన మాట వినిపించుకునే మనుషులు మరెక్కడ దొరుకుతారో తెలియలేదు. పోలీసు స్టేషను మెట్ల దాకా ఒకసారి వెళ్ళి, నా ఒంట్లోదే దొంగసొత్తు అని లోపల ఎలా మొదలుపెట్టాలో తెలియక తిరిగి వచ్చేశాడు.

ఘాటు మొదలైంది. వెనక చక్రానికి జానెడు దూరంలో ధనంజయ. అడవి దాటి, వంపులు తిరిగి రోడ్డు నిక్కుతోంది. పక్కన తొక్కేవాళ్ళు నోళ్ళు తెరిచి ఒక్కొక్కరే జారిపోతున్నారు. తౌసిఫ్‌కు ఆయాసం లేదు. ఊపిరి తొక్కుతొక్కుకూ హాయిగా అందుతోంది. నాలుగు మెట్లెక్కితే కళ్ళు తిరిగే ముసలామె ఊపిరి ఇది అనుకున్నాడు. అనుకున్నాక ఆ హాయి మీదే రోత పుట్టింది. ఒంట్లో తిరిగే రక్తమంతా ఎంగిలిదైనట్టు, ఎవరో నమిలి ఉమ్మినదాన్ని తను మింగినట్టు చర్మం కింద కంపరం పాకింది.

చివరి వంపు దగ్గర పక్కకు తప్పుకుని ధనంజయకు దారివ్వాలి. తౌసిఫ్ తప్పుకున్నాడు. తప్పుకుని ఆగిపోయాడు. కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు. ధనంజయ ఒక్క క్షణం వెనక్కి చూసి, లేచి నిలబడి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. పైనుంచి చప్పట్లు, ఈలలు, మైకులో ధనంజయ పేరు. మిగతావాళ్ళంతా దాటిపోయాక తౌసిఫ్ సైకిలు నడిపించుకుంటూ పైకెక్కాడు.

పుకారు నిజమే. షామియానా పక్కన చిన్న డేరాలో పరీక్షల వాళ్ళు ఉన్నారు. మొదట వచ్చిన ముగ్గురినీ, చీటీలో పేరు వచ్చిన మరొకరినీ కూర్చోబెట్టారు. తౌసిఫ్ లోపలికి వెళ్ళి, "నా రక్తం గూడా తీసుకోండి సార్" అన్నాడు.

"నీ పేరు రాలేదు కదా?" అన్నాడు అధికారి.

"రాకపోయినా తీసుకోండి. దొరుకుతాది. ఎట్లా వచ్చిందో కూడా సెప్తాను, రాసుకోండి."

కుర్చీలో కూర్చున్న ధనంజయ నీళ్ళ సీసా గట్టిగా నొక్కితే అది చిట్లి నీళ్ళు నేలపాలయ్యాయి. 

ఇద్దరి ఒంట్లోనూ మందు దొరికింది. ధనంజయకు నాలుగేళ్ళ నిషేధం, ఒప్పుకున్నందుకు తౌసిఫ్‌కు మూడేళ్ళు. గ్రానైటు వ్యాపారి జట్టును ఎత్తేశాడు. పేపర్లో "పోటీతత్వం తట్టుకోలేక తప్పటడుగు" అని ఒక మూల రాశారు, సీసాలు ఎవరివో రాయలేదు. విచారణకు వచ్చిన వాళ్ళకు కరకంబాడి రోడ్డు ఇంట్లో కడిగిన ఫ్రిజ్ ఒకటి దొరికింది. మునిప్రసాద్ తనకేమీ తెలియదని, కుర్రాళ్ళు చాటుగా తెచ్చుకుని ఉంటారని సంతకం పెట్టాడు. కేంద్రంలో లోహిత పట్టువదలకుండా ట్రస్టు వాళ్ళ ముందు మాట్లాడింది. భానుచందర్ రాజీనామా ఇచ్చి పోయాడు, కేసు పెడితే ట్రస్టు పరువు పోతుందని ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు ఎక్కడో మదనపల్లె వైపు సొంత మందుల అంగడి నడుపుతున్నాడట. ఒక్క మేలు జరిగింది. సూదుల పెట్టె వచ్చిన రోజు లోహిత దాన్ని మంచాల మధ్య, అందరూ చూస్తుండగానే విప్పుతోంది.

తల్లి చెప్పినట్టే తౌసిఫ్ దేవకమ్మకు చెప్పాడు. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నీ సూదులు నాకు వేశారమ్మా, నాకు తెలియక వేయించుకున్నానని మొదలుపెట్టి, తెలియక అన్న మాట అబద్ధమని మధ్యలో ఆగి, "ఎవరివో అని అడగలేదు నేను" అన్నాడు. దేవకమ్మకు సైకిళ్ళ సంగతి బొత్తిగా తెలియదు. కాసేపు ఆలోచించి, కుతూహలంగా అడిగింది.

"అయితే గెలిచినావా నాయనా?"

"లేదమ్మా. నేను గెలిపించేవాణ్ణి."

"అట్లనా" అందామె, ఓదార్చాల్సింది తనే అన్నట్టు. "పోనీలే."

తిట్టి ఉంటే బాగుండేదని తౌసిఫ్‌కు అనిపించింది. ఆ వానాకాలంలో ఆమె పోయింది. గుండె ఆగిందన్నారు. సూదులు వేళకు పడి ఉంటే బతికేదా అని లోహితను అడిగితే, ఆమె చేతి తొడుగులు తీస్తూ, "అట్లా ఎవరూ సెప్పలేరన్నా" అంది. పుత్తూరు నుంచి పూలు అమ్ముకునేవాళ్ళే వచ్చి తీసుకెళ్ళారు.

నిషేధం మొదలైన కొత్తలో తౌసిఫ్ ఒకసారి పులికాట్ వెళ్ళాడు. ధనంజయ పడవలో వల సర్దుతున్నాడు. పిలిస్తే వెనక్కి తిరగలేదు. వాళ్ళమ్మ గడపలోనే నిలబడి, "ఎండనబడి వచ్చినావు, నీళ్ళు తాగి పో" అంది. అన్నం తినమనలేదు.

మునిప్రసాద్ మాత్రం ఏడాది తిరక్కుండానే చంద్రగిరి రోడ్డులో కొత్త పేరుతో అకాడమీ తెరిచాడు. ఫ్లెక్సీలో భాకరాపేట కొండ మీద చేతులెత్తిన ధనంజయ ఫోటో వేశాడు. ఆ దారిన బస్సు పోయినప్పుడల్లా తౌసిఫ్ తల తిప్పుకుంటాడు. అప్పటికే ఉమ్ము నోట్లోకి వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడతను కాళహస్తిలో తండ్రితోపాటు పరుపులు కుడుతున్నాడు. నిషేధం గడువు ముగిసింది. సైకిలు ఎక్కలేదు. వారానికి రెండుసార్లు తల్లిని తిరుపతి తీసుకెళ్తాడు. ఆమెకు పెదవుల్లో కొద్దిగా రంగు వచ్చింది. దేవకమ్మ మంచం మీద ఇప్పుడు ఏర్పేడు నుంచి వచ్చే ఒక స్కూలు మాస్టారు పడుకుంటున్నాడు.

మొన్న చిన్నబ్బ అనే ఆయన పరుపు కావాలని అంగడికి వచ్చాడు. తొట్టంబేడు వైపు మామిడితోటల ఆసామి. దూది నాణ్యం చూసి, మందం చెప్పి, బేరం కూడా కుదిరాక, కాశిం సాహెబ్ లోపలికి గుడ్డ తేవడానికి వెళ్ళగానే తౌసిఫ్ దగ్గరికి జరిగాడు.

"నువ్వేగదప్పా ఆ సైకిలు జట్టులో ఉన్నోడివి? మావోణ్ణి ఆ చంద్రగిరి రోడ్డు అకాడమీలో ఏసినాను. బాగా తొక్కుతాడు గానీ కొండెక్కేటప్పుడు దమ్ము చాలడంల్యా. మీరేసుకున్న సూది పేరేంది? సారును అడిగితే ఇంకా టైముండాది అంటాండాడు. నువ్వు సెప్తే నేనే యాడో ఒకచోట తెప్పించి ఇస్తాను."

తౌసిఫ్ అతని ముఖం చూశాడు. అందులో సిగ్గు లేదు, భయం లేదు. విత్తనాల అంగడిలో మంచి రకం ఏదని అడిగే మనిషి ముఖం అది.

"అది వేసుకునేవోళ్ళు వేరే ఉండారన్నా. శుక్రవారం నాతో తిరుపతికి రా. మంచాల మీద పడుకోనుండారు, సూపిస్తాను. వాళ్ళనడిగి తీసుకో."

"నేనేమడుగుతాండాను, నువ్వేం సెప్తాండావు?" చిన్నబ్బ మొహం మాడ్చుకున్నాడు. "నువ్వు పైకి రాలేదని ఇంకొకరు రాకూడదా ఏంది?"

తౌసిఫ్ కొలతల టేపు చుట్టి పక్కన పెట్టాడు. "మీకు మేం పరుపు కుట్టం అన్నా. పోండి."

గుడ్డ తానుతో బయటికి వచ్చిన కాశిం సాహెబ్, వీధి దాటి ఎదుటి అంగడిలోకి వెళ్తున్న మనిషిని చూసి, కొడుకు వైపు చూశాడు. తౌసిఫ్ చెప్పాడు. ముసలాయన గుడ్డ తానును బల్ల మీద పడేసి, చెంబు తీసుకుని బయటికి వెళ్ళాడు. చిన్నబ్బ నిలబడ్డ గడప మీద నీళ్ళు చల్లి, చీపురుతో గట్టిగా ఊడ్చాడు.